ప్రశ్నయు యంత్రమును

ప్రశ్నోపనిషత్తున నొక కథ కలదు. పరతత్త్వము నెఱుగగోరి ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టుకొని పిప్పలాదమహర్షి కడకు బోయిరి. ఆయన వారికి వెంటనే యేమియు బోధింపలేదు. ఒక యేడు నియమముతో తన కడనుండి, పిమ్మట ఇష్టమైన ప్రశ్నల నడుగవలసినదనియు, తనకు దెలిసియున్నచో చెప్పెదననియు పలికెను. సంస్కృతము చదువుకొను దినములలో ఈ కథను మేము పలుమారులు చదివితిమి. పరీక్షలో వ్రాసి మార్కులును తెచ్చుకొంటిమి. కాని యందలి రెండు విషయములు, ఇరువదియేండ్లు బడిపంతులుగా పనిచేసిన పిదప గాని మా మనస్సున నాటలేదు. ప్రశ్న పండుటకు కాలము వలయుననునది మొదటిది. 'తెలిసియున్నచో' అని గురువు తన జ్ఞానమునకు తానే మేర గీచికొనుట రెండవది.

నేడు మన పిల్లల చేతులలోనికి వచ్చిన యంత్రమునకు ఈ రెండును అలవాటు లేవు. అది అడిగిన క్షణమున ఉత్తరమిచ్చును. తెలిసిన విషయమును, తెలియని విషయమును తఱచుగా ఒకే ధైర్యముతో చెప్పును. ఉత్తరము ఇంత చౌకయైన కాలమున బాలబాలికలకు ఆలోచించుట నేర్పుట యెట్లు? ఆ యంత్రమునే యిందుకు సాధనముగా జేసికొనుటకు ఉపాధ్యాయునకు వీలు కలదా? కలదనియే మా యభిప్రాయము. అయితే అందులకు ముందుగా మార్పు చెందవలసినది యంత్రము కాదు, ఉపాధ్యాయుడు. ఈ మాటను మేము పరుల నుద్దేశించి గాక, మా యనుభవమును బట్టియే చెప్పుచున్నాము.

మన సీమ బడులకు కంప్యూటరు నేడు క్రొత్త వస్తువు కాదు. 2000 తరువాతి దశకముననే పెక్కు ఉన్నతపాఠశాలలలో కంప్యూటరు గదులు వెలసినవి. మే మెఱిగిన గదులలో కొన్నింటికి బీగము ఎల్లప్పుడును వ్రేలాడుచుండెడిది. దుమ్ము పడునని కొందఱు, చెడిపోయినచో ఎవరు జవాబుదారి యని కొందఱు భయపడుచుండెడివారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును అయిదు లక్షలకు పైగా ట్యాబులను పంచిపెట్టుట మొదలిడిరి. వానిలో పాఠములు బొమ్మలతో, మాటలతో నిండియుండెను. పిల్లలు ఆసక్తితో చూచిరి. కాని చూచుట వేఱు, ఆలోచించుట వేఱు. తెరమీద నొకరు చెప్పుచుండగా వినుటకును, నల్లబల్లయొద్ద మేము చెప్పుచుండగా వినుటకును బుద్ధి చేయు పనిలో గొప్ప భేద మేమున్నది?

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున బీదపిల్లలకు చిన్న కంప్యూటర్లను విరివిగా పంచిరి. మూడువందలకు పైగా గ్రామీణ పాఠశాలలను పరీక్షించిన పండితులు, ఆ పిల్లలకు కంప్యూటరు వాడుక అబ్బినదే గాని లెక్కలలోను, భాషలోను చెప్పుకోదగిన అభివృద్ధి కనబడలేదని ప్రకటించిరి. మన దేశమున వడోదర నగరమున, వారమునకు రెండు గంటలు మాత్రమే, పిల్లవాని స్థాయికి తగిన లెక్కలను కంప్యూటరుపై చేయించినప్పుడు గణితమున మంచి ఫలము కలిగినట్లు 2007లో ప్రకటితమైన మరియొక పరిశోధన చెప్పుచున్నది. రెండుచోట్లను యంత్రము కలదు. దానిచేత ఏమి చేయించిరన్న దానియందే భేదము.

ఇచ్చట మా తప్పొకటి పాఠకులకు విన్నవించుట యుక్తము. ఎనిమిదేండ్ల క్రిందట కర్నూలు జిల్లా పడమటి భాగమున నొక పల్లెబడిలో మేము పనిచేయుచుంటిమి. ఆదోని, కోసిగి ప్రాంతములలో పంట చాలని యేట కుటుంబములకు కుటుంబములే మూటలు గట్టుకొని, గుంటూరు సీమకు మిరపకాయల కోతకు వలస పోవుట వాడుక. పసివాండ్రను వెంట తీసికొనిపోదురు. కొంచెము పెద్దవారిని అవ్వల యొద్ద విడిచిపోదురు. సాంఘికశాస్త్రము చెప్పువారు ఆ బడిలో లేకపోగా, భాషాపండితులమైన మేమే ఆ పాఠమును చెప్పుచుంటిమి. ఆ దినమున పాఠము సగటు వర్షపాతమును గూర్చినది. ఆ యేట మా మండలమున వాన సగటునకు దగ్గఱగనే కురిసినదని పత్రికలో చూచి, దానినే ఉదాహరణముగా జెప్పితిమి. వెనుక వరుసలోని యొక బాలిక లేచి, "సగటు వాన పడిందని మీరే అంటిరి గదా సార్, మరి మా అమ్మా నాయనా గుంటూరికి ఏంటికి పోయినారు?" అని యడిగెను.

తరగతి యంతయు నవ్వెను. మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. తోచలేదని యొప్పుకొనుటకు నోరు రాలేదు. "అది పాఠములో లేదు, కూర్చో" అంటిమి. ఆమె కూర్చుండెను. ఆ యేడు మరల నొక్క ప్రశ్నయైనను అడుగలేదు. మఱుసటి యేట తల్లిదండ్రులతో తానును కోతకు బోయినది. తిరిగి బడికి రాలేదు. మా మాటయే అందులకు కారణమని యనజాలము. పేదఱికము మా మాటకంటె బలమైనది. కాని బడి యామెకు నేర్పిన కడపటి పాఠము 'అడుగకుము' అనునదే యైనది. ఆ భారము మా మీదనే యున్నది.

ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. మూడేండ్ల తరువాత మరియొక బడిలో, నాలుగు కంప్యూటర్లు పనిచేయుచున్న గదిలో, దానిని పిల్లల ముందఱ పెట్టితిమి. మొదట యంత్రమును తాకనీయలేదు. "రెండేండ్లలోను ఆఱునూఱేసి మిల్లీమీటర్ల వానయే పడినదనుకొనుడు. రెండేండ్లలోను వేరుసెనగ ఒకే తీరున పండునా?" అని యడిగి, ఎవరి యూహను వారిచేత కాగితముమీద వ్రాయించితిమి. పండుననియే పలువురు వ్రాసిరి. పిమ్మట పిల్లలు ఇండ్లకుబోయి, విత్తనము ఎప్పుడు వేయుదురు, ఊడలు దిగునది యెప్పుడు, కాయ ఊరునది యెప్పుడు, ఏ వేళ పదును లేకున్న పైరు చచ్చును అని తాతలను, అవ్వలను అడిగి తెలిసికొని వచ్చిరి. ఆ తేదీలను కంప్యూటరులో పట్టికగా వేసి, ప్రక్కన రెండు కల్పిత సంవత్సరముల వానను దినదినమునకు పంచితిమి. ఒక యేడు నలుబది దినములలో మెల్లగా కురిసిన వాన. రెండవ యేడు నాలుగైదు కుంభవృష్టులు, నడుమ నలుబది దినముల ఎండ. మొత్తము రెంటికిని ఒక్కటే. రేఖాచిత్రము తెరమీద కనబడగానే, ఊడలు దిగువేళ రెండవ గీత నేలకు అంటుకొనియుండుటను పిల్లలే చూచి చెప్పిరి.

కల్పితము చాలదని నిజమైన చరిత్రకు బోయితిమి. 2009లో దేశమంతట నైరృతి ఋతుపవనమువలన కురియవలసిన వాన 22 శాతము కొఱవడి, మహాక్షామము నెలకొనెను. అదే యేడు అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచివేసినవి. ఒకే యేట కఱవును, వరదయు. వీనిని కూడి భాగించినచో వచ్చు సగటు, ఎండిన చేనిని చెప్పదు, మునిగిన యింటిని చెప్పదు. అప్పుడొక బాలుడు మేము తలపని మాట యడిగెను: "మండలాఫీసులో గిన్నెలో పడిన వానే మా చేన్లో పడినట్లా సార్?" మేఘము ఒక పొలిమేరను తడిపి మరియొక పొలిమేరను విడుచుట మన సీమలో నెల్లరెఱిగినదే. కఱవు మండలములను నిర్ణయించుటకు వానలెక్కయు నొక యాధారమగుచుండగా, ఈ ప్రశ్న పిల్లల ముచ్చట యని త్రోసివేయదగునా? పెద్దల సభలలో నడుగవలసిన ప్రశ్న ఎనిమిదవ తరగతిలో పుట్టినది. యంత్రము చేసిన మేలేమనగా, చేతితో వారము పట్టు కూడికలను నిమిషములో చేసిపెట్టి, ఆ వారమును సందేహించుటకు మిగిల్చినది.

రెండవ యనుభవము రేఖాగణితమునకు సంబంధించినది. దక్షిణాఫ్రికాలో జన్మించి, జెనీవాలో పియాజే మహాశయునితో పనిచేసి, పిమ్మట అమెరికా చేరిన సేమూర్ పేపర్ట్ అను విద్వాంసుడు 1967లో తన సహచరులతో గూడి 'లోగో' యను భాషను పిల్లలకై నిర్మించెను. యంత్రము పిల్లవానిని నడుపుటకు మాఱుగా పిల్లవాడే యంత్రమును నడుపవలెనని 1980లో వెలువడిన తన గ్రంథమున వాదించెను. ఆ త్రోవలోనిదే 2007లో వెలువడిన 'స్క్రాచ్'. ఇది వెలలేకయే లభించును. సమబాహు త్రిభుజమును గీయుటకు యంత్రమునకు ఆజ్ఞ లిమ్మని మా పిల్లలతో జెప్పితిమి. త్రిభుజములోని కోణము 60 అంశములని వారికి కంఠస్థము. కాబట్టి 'నూఱడుగులు నడువుము, 60 అంశములు తిరుగుము' అని మూడుమారులు వ్రాసిరి. త్రిభుజము రాలేదు, మూయని గిన్నెవలె సగము షడ్భుజము వచ్చెను.

మా నాలుక దురదపెట్టెను; తప్పు నిట్లు దిద్దుడని చెప్పుట ఎంత సులభము! ఓర్చుకొంటిమి. ఒక బాలిక బయటకు బోయి, సుద్దముక్కతో అరుగుమీద త్రిభుజము గీచి, దాని మీద నడువ మొదలిడెను. మూల చేరగానే ఆగి, "మనం లోపలి మూల తిరగడం లేదు, బయటి మూల తిరుగుతున్నాం" అని కేక వేసెను. నూటయిరువది అంశము లట్లు వారికి దొరకినవి. బడిలో తప్పునకు వెంటనే అవమానము తగులుకొనును. యంత్రము కోపపడలేదు, ఎగతాళి చేయలేదు, మెచ్చుకొననులేదు. చెప్పినదానిని చెప్పినట్లు చేసి చూపెను. ఈ యొక్క గుణమును మేము యంత్రమునుండి నేర్చుకొనవలెనని మాకు దోచినది.

ఇక 2022 కడపటినుండి లోకమంతట వ్యాపించిన సంభాషణయంత్రముల మాట. తెలుగున నడిగినను తెలుగున చెప్పును. కర్నూలు కడప కాలువను త్రవ్వించిన దెవరని అట్టి యంత్రమొకదానిని మా పిల్లలు అడుగగా, సర్ ఆర్థర్ కాటన్ అని నిస్సంకోచముగా జెప్పెను. ఈ యుత్తరము పూర్తిగా అబద్ధమైన బాగుండెడిది; పట్టుకొనుట సులభము. కాటన్ దొర గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను నిర్మించినవాడు. దేశమంతట కాలువలు త్రవ్వవలెనని వాదించినవాడు. కాని మన కె.సి. కాలువను 1860 తరువాతి దశకమున నీటిపారుదలకును, పడవల రాకపోకలకును నిర్మించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. పేరున్నవాని ఖాతాలో ఊరిలోని పనులన్నియు పడుట లోకస్వభావము. ఆ స్వభావమే యంత్రమునకును అంటినట్లున్నది.

పిల్లలు నిరాశ చెంది, ఇకపై దానిని నమ్మరాదనిరి. మేము బ్రౌను దొర కథ చెప్పితిమి. 1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చి, తెలుగు కావ్యములు నశించుచుండుట చూచి, పండితులకు తన సొమ్ముతో జీతములిచ్చి కూర్చుండబెట్టెను. ఆయన ఏ యొక్క తాళపత్రప్రతిని వేదముగా నమ్మలేదు. తప్పులున్నవని ఏ ప్రతిని పాఱవేయను లేదు. ఒకే గ్రంథమునకు పలు ప్రతులను దెప్పించి, ప్రక్కప్రక్కన బెట్టించి, పాఠభేదములను గుర్తింపజేసి, తరువాతనే శుద్ధప్రతి వ్రాయించెను. 1829లో ఆయన యచ్చొత్తించిన వేమన పద్యములును అట్టి శ్రమఫలమే. ఆయన నివసించిన చోటనే నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

యంత్రము చెప్పినది ఒక వ్రాతప్రతి వంటిదని పిల్లలకు చెప్పితిమి. దానితో పోల్చుటకు వేఱు ప్రతులు వలయును. నరహరి గోపాలకృష్ణమసెట్టిగారు 1886లో రచించిన కర్నూలు మాన్యుయలు, గ్రిబిల్ దొర 1875లో రచించిన కడప మాన్యుయలు నేడు కంప్యూటరులోనే చదువనగును. కాలువ గట్టున నివసించు వృద్ధుల జ్ఞాపకమును ఒక ప్రతియే. మూడు ప్రతులు చూడనిదే నోటుపుస్తకములో ఎక్కింపరాదను నియమము నేర్పఱచితిమి. పిల్లలకు ఇది చదువుగా దోచలేదు. దొంగను పట్టు ఆటగా దోచినది.

ఈ యాట ఎల్లప్పుడును సుఖముగా సాగదు. యాగంటిలోని బసవన్న యిరువదియేండ్ల కొక యంగుళము చొప్పున పెరుగుచున్నాడని మన జనులు చెప్పుకొందురు. ఒక బాలుడు దీనిని పట్టికలో వేసి, అయిదువందల యేండ్లకు ఇరువదియైదంగుళములని లెక్కగట్టి, 'ఎవరు కొలిచిరి? ఎక్కడినుండి ఎక్కడికి కొలిచిరి? మొదటి కొలత యెక్కడ వ్రాసియున్నది?' అని మూడు ప్రశ్నలు వ్రాసెను. మఱునాడు వాని తండ్రి బడికి వచ్చెను. "ఏం అయ్యవారూ, మావాడు దేవుణ్ణి కొలుస్తానంటున్నాడే!" అనెను. "దేవుని కాదన్నా, మనుష్యులు చెప్పిన మాటను కొలుచుచున్నాడు" అంటిమి. "కొలిచి, పెరగలేదంటే?" "పెరిగినచో పెరిగినదని, లేనిచో లేదని వ్రాయవలెను. చూడనిదానిని చూచితినని మాత్రము వ్రాయరాదు." ఆయన కొంతసేపు ఊరకుండి, "అబద్ధం చెప్పొద్దని మేమూ చెప్తాం లే" అని వెడలిపోయెను. సమ్మతించెనని మేము చెప్పజాలము. కాని పిల్లవానిని బడి మాన్పింపలేదు.

ఇచ్చటనే యసలైన ధర్మసందేహము పుట్టుచున్నది. పిల్లల విశ్వాసమును కదలించుటకు ఉపాధ్యాయునకు అధికారమున్నదా? లేదనియే మా మతము. పిల్లవానికి ఏమి నమ్మవలెనో, ఏమి నమ్మరాదో చెప్పుట మా పని కాదు. 'బసవన్న పెరుగడు' అని మేము బోధించినను అది మరియొక వల్లెయే. నీవు చెప్పుమాట నీకెట్లు దెలిసినదని తన్నుదా నడుగుకొనుట నేర్పుట మాత్రము మా విధి. ఈ పరీక్ష దేవాలయపు కథకే గాక పాఠ్యపుస్తకమునకును, పత్రికకును, యంత్రమునకును, మాకును సమానముగా వర్తింపవలెను. ఉపాధ్యాయుడు తన్ను మినహాయించుకొని ప్రశ్నించుట నేర్పబూనినచో అది నేర్పు కాదు, దండయాత్ర.

ఇట్లు చేసినచో పాఠములు ముగియవు గదా యని తోడి ఉపాధ్యాయు లడుగుదురు. నిజమే. వానపట్టిక పెట్టిన యేట మేము మూడు పాఠములు వెనుకబడి, సాయంకాలములు అదనముగా కూర్చుండవలసి వచ్చినది. మార్కులు పెరిగినవని చెప్పి పాఠకులను మోసగింపము. పిల్లలు తఱచుగా చేయి నెత్తుచున్నారు; అది మాత్రము కంటికి కనబడుచున్నది. యంత్రములు చాలవనుట రెండవ యాక్షేపము. నలుగురికి ఒక కంప్యూటరుండుట మాకు లోపముగా దోచలేదు. మీట నొక్కువాడొకడు, కాదనువారు ముగ్గురు. ఆ వాదులాటయే చదువు. తలకొక యంత్రమున్నచో తరగతి మౌనవ్రతము పట్టును.

మే మాచరించు పద్ధతి చిన్నది. యంత్రము తెఱువకముందే ప్రతి పిల్లవాడు తన యూహను వ్రాయవలెను. తెఱచిన పిమ్మట తన యూహ ఎచ్చట తప్పినదో వ్రాయవలెను. ఇంటిపనిగా ఉత్తరమును గాక, ఉత్తరము దొరకని ప్రశ్న నొకదానిని తేవలెను. ప్రశ్న వేసినపిదప మేము నోరు మూసికొనవలెను. మేరీ బడ్ రో అను నమెరికా విదుషి 1970 తరువాతి దశకమున తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయుడు ప్రశ్న వేసి సాధారణముగా ఒక సెకండు మాత్రమే ఆగుననియు, మూడు సెకండ్లు ఆగినచో పిల్లల సమాధానములు దీర్ఘములును, యుక్తియుక్తములును అగుననియు కనుగొనెను. పిప్పలాదుడు ఒక యేడు ఆగుమనెను. మనము మూడు సెకండ్లు ఆగలేమా?

గృహములలోని తల్లిదండ్రులకును ఒక విన్నపము. బిడ్డ పదేపదే 'ఏల' యని యడుగునప్పుడు, విసిగి చేతికి ఫోను నిచ్చుట నేడు సులభమైనది. పూర్వము కసరి నోరు మూయించుచుంటిమి. నేడు ఉత్తరము నిచ్చి మూయించుచున్నాము. రెండును మూయించుటయే. 'నాకును దెలియదు, ఇద్దఱము చూతము రమ్ము' అని ప్రక్కన కూర్చుండువారు ఇంట ఒక్కరున్న చాలును.

బృహదారణ్యకమున జనకుని సభలో గార్గి వరుసగా ప్రశ్నింపగా, అతిగా ప్రశ్నించిన తల పగులునని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించెను. ఆమె కూర్చుండెను. కాని ఆ సభ ముగియకముందే మరల లేచి, మునుపటికంటె గొప్ప ప్రశ్నల నడిగెను; యాజ్ఞవల్క్యుడును ఈసారి ఉత్తరము చెప్పెను. ఒకమారు కూర్చుండబెట్టబడియు మరల లేచినది గనుకనే గార్గి పేరు మనకు నిలిచినది. మా తరగతిలో కూర్చుండిన బాలికకు మరల లేచు నవకాశము మేము కల్పింపలేదు. ఆమె ప్రశ్నకు ఉత్తరమైన వానపట్టిక మా కంప్యూటరులో నేటికిని ఉన్నది. ప్రతియేటను క్రొత్త పిల్లల ముందఱ దానిని తెఱచునప్పుడు, ఇది ఫలానా యేట వెనుక వరుసలోని యొక బాలిక యడిగిన ప్రశ్నయనియు, ఆ దినమున పంతులునకు ఉత్తరము తెలియలేదనియు చెప్పియే మొదలుపెట్టుచున్నాము.